కొర్రల మర డైరీ: చేను నుంచి కుండ దాకా

జూన్ 27, ఆరుద్ర కార్తె

ఈ రోజు నుంచి రాసుకుంటూ పోతాను. పోయిన ఏడాది ఎవరు ఎంత విత్తనం తీసుకున్నారో, ఏ చేనులో ఎంత పండిందో తర్వాత చూసుకుందామంటే కాగితం లేదు, ముగ్గురిని అడిగితే మూడు లెక్కలు చెప్పారు. అందుకే ఈసారి పని జరిగిన రోజే రాయాలని.

మాది కళ్యాణదుర్గం నుంచి పద్దెనిమిది కిలోమీటర్లు లోపలికి ఉండే చిన్న ఊరు. టౌన్లో నాకు మోటారు వైండింగ్ షాపు ఉంది, పొద్దున పోయి సాయంత్రం వస్తాను. ఊర్లో మా అమ్మ ఉన్న పొదుపు సంఘం, పక్క సంఘం కలిపి పన్నెండు మంది ఈ ఖరీఫ్‌లో తలా ఒక ఎకరంలో వేరుశనగ మాని కొర్ర వేయడానికి ఒప్పుకున్నారు. దానికోసం మే నెలలో మూడు సార్లు కూర్చున్నాం, మూడు సార్లూ మాట ఒక్కచోటికే వచ్చి ఆగింది. కొర్ర పండదని ఎవరూ అనలేదు. ఈ ఎర్ర నేలలో, సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో కొర్ర పండుతుందని అందరికీ తెలుసు, మా జేజి కాలమంతా అదే తిన్నారు. మా పెద్దమ్మ అడిగింది వేరే మాట.

"పండిస్తాం సరే నాయనా, దంచేదెవరు?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వేరుశనగ డబ్బు తెచ్చింది కాబట్టి మా వైపు కొర్ర పోయింది అని అందరం అంటాం, అది నిజమే కానీ సగమే నిజం. రేషన్ బియ్యం మనిషికి నెలకు ఐదు కిలోలు వస్తాయి, కడిగి నేరుగా ఎసట్లో వేసుకోవచ్చు. కొర్రలు అట్లా కాదు, చేను కోసి, కుప్ప వేసి, నూర్చి, తూర్పారబట్టి ఇంటికి తెచ్చాక కూడా ఆ గింజ తినడానికి పనికిరాదు, పైన గాజులా మెరిసే పొట్టు ఊడాలి. ఆ పొట్టు ఊడదీసే పని మొత్తం ఆడవాళ్ల భుజాల మీదే ఉండేది. రోకలి పక్కన పెట్టే అవకాశం రాగానే పెట్టేశారు, వాళ్లను తప్పుపట్టడానికి ఎవరికీ హక్కు లేదు. కొర్ర మళ్లీ కుండలోకి రావాలంటే ఆ రోకలి పనికి ఏదో ఒక దారి చూడాలి. నేను చేయగలిగింది కూడా అదే, నాకు సేద్యం అంతంత మాత్రమే వచ్చు, మోటార్లు మాత్రం బాగా వచ్చు.

కాబట్టి పని ఇది: పిండి మర ఎట్లా ఊర్లో ఉంటుందో, కొర్రల పొట్టు తీసే మర కూడా అట్లా ఊర్లోనే ఉండాలి, ఆడవాళ్లే నడుపుకోగలగాలి, ఇంటి కరెంటు మీద నడవాలి.

జూలై 9, పునర్వసు

నిన్న రాత్రి మంచి పదును వాన. ఈ రోజు ఎనిమిది చేలల్లో విత్తనం పడింది. మిగతా నాలుగు చేలు గుట్ట కింద ఉన్నాయి, అక్కడ ఇంకో వాన కావాలి.

విత్తనం ఎస్‌ఐఏ 3085, నంద్యాల పరిశోధన కేంద్రం వాళ్ల రకం, ఎనభై రోజుల్లో కోతకు వస్తుంది. ఎకరానికి రెండు కిలోలు చాలు. ఇది రాస్తుంటే కూడా నాకు ఆశ్చర్యంగానే ఉంది, ఎందుకంటే వేరుశనగకు ఎకరానికి అరవై కిలోలు తక్కువ కాకుండా విత్తనపు కాయల పప్పు కావాలి, ఆ విత్తనం కోసమే ప్రతి జూన్‌లో ఇంటింటా అప్పు మొదలవుతుంది, వాన తప్పితే ఆ అప్పు భూమిలోనే పోతుంది. మా చిన్నమ్మ ఈ రోజు ఎకరం విత్తనం చీర కొంగులో మూటగట్టుకుని చేనికి నడిచి వచ్చింది.

గింజ మరీ సన్నం కాబట్టి ఒక వంతు విత్తనానికి మూడు వంతులు పొడి ఇసుక కలిపి గొర్రుతో వేశాం. ఐదు సాళ్లు కొర్ర, ఒక సాలు కంది. కంది ఎందుకంటే కొర్ర సెప్టెంబర్ చివరికి అయిపోతుంది, కంది సంక్రాంతి దాకా నిలబడుతుంది, ఒకటి పోయినా ఒకటి ఉంటుంది. ఇంట్లోకి పప్పు కూడా వస్తుంది.

జూలై 20

ఆదివారం. ముందు దంచే పనికి లెక్క తీయాలనుకున్నాను. మిషన్ పెట్టాక ఎంత మిగిలిందో చెప్పాలంటే ఇప్పుడు ఎంత పోతోందో తెలియాలి కదా.

పోయిన ఏటి కొర్రలు మూడు కిలోలు తూచి అమ్మకూ పెద్దమ్మకూ ఇచ్చాను. అమ్మకు యాభై ఎనిమిది, పెద్దమ్మకు అరవై నాలుగు. రోలు దొడ్లో వేపచెట్టు కింద ఉంది, ఏళ్ల తరబడి దాంట్లో వాననీళ్లు నిలిచి కోళ్లు తాగుతున్నాయి, కడిగి ఎండబెట్టాం. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఒకరి తర్వాత ఒకరు రోకలి వేస్తుంటే మొదటి పది నిమిషాలు చూడటానికి బాగుంది, ఇద్దరికీ పాత వరస గుర్తొచ్చింది, మాట్లాడుకుంటూ దంచారు. ఇరవై నిమిషాలకు మాటలు ఆగిపోయాయి. అరగంటకు పెద్దమ్మ రోకలిని కుడి చేతి నుంచి ఎడమ చేతికి మార్చుకుంది. పొట్టు సన్నటి దుమ్ములా లేచి చెమట మీద అంటుకుని మెడ, మోచేతుల లోపలి వైపు ఎర్రగా దద్దుర్లు లేచాయి. ఒక వాయి తీసి చేటలో చెరిగితే సగం గింజలకు పొట్టు అట్లాగే ఉంది, మళ్లీ రోట్లో పోశారు. మళ్లీ చెరిగారు. మళ్లీ పోశారు.

గంటా యాభై నిమిషాలు పట్టింది. చేతికి వచ్చిన బియ్యం కిలో ఎనిమిది వందల గ్రాములు, నూకలతో కలిపి. మా ఇంట్లో నలుగురికి రెండు పూటలకు సరిపోతాయి, అంతే. ఇది రోజూ చేయమని ఎవరిని అడగగలం? పొద్దున ఐదుకు లేచి, నీళ్లు పట్టి, వంట చేసి, ఎనిమిదికి కూలికి పోయే మనిషిని?

పెద్దమ్మ రాత్రి భుజానికి వేడినీళ్ల కాపడం పెట్టుకుంది. ఆమెతో ఆ పని చేయించినందుకు నాకు ఇంకా బాధగా ఉంది.

ఆగస్టు 3

వాన లేదు. షాపులో పని తక్కువ, ఫోన్లో చదువుతూ కూర్చున్నాను.

2024లో ప్రపంచంలో దాదాపు 67 కోట్ల మంది ఆకలితో ఉన్నారని ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క. ఆఫ్రికాలో అయితే ప్రతి ఐదుగురిలో ఒకరు. ఇంకో లెక్క, ప్రపంచంలోని కమతాల్లో నూటికి 84 రెండు హెక్టార్ల లోపువే, వాళ్ల చేతిలో ఉన్నది మొత్తం సాగు భూమిలో 12 శాతమే కానీ ప్రపంచం తినే తిండిలో మూడో వంతు దాకా పండిస్తున్నది వాళ్లే. మన దేశంలో 2015-16 వ్యవసాయ గణన ప్రకారం 86 శాతం కమతాలు చిన్న, సన్నకారు రైతులవి. అంటే మా ఊరి లాంటి ఊర్లే. తిండి పండించే ఇంట్లోనే తిండి సరిపోకపోవడం ఎక్కడో దూరం సంగతిగా నాకు అనిపించలేదు, 2019-21 ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో వందకు 59 మందికి రక్తహీనత అని వచ్చింది. కడుపు నిండుతోంది, కానీ తెల్లన్నంతో నిండుతోంది.

అట్లా చదువుతూ పోతే ఫోనియో గురించి దొరికింది. పశ్చిమ ఆఫ్రికాలో పండే చిరుధాన్యం, గింజ మన కొర్ర కంటే చాలా చిన్నది, ఇసుక రేణువులా ఉంటుంది. బీద నేలలో, తక్కువ వానతో, రెండు మూడు నెలల్లో పండుతుంది. అక్కడి ఆడవాళ్లు దాన్ని రోట్లో పోసి ఇసుక కలిపి దంచుతారు, తర్వాత ఆ ఇసుకంతా పోయేదాకా నీళ్లలో గాలిస్తారు. సెనెగల్‌లో మెకానికల్ పాఠాలు చెప్పే సనూసీ డియాకిటే అనే మాస్టారు దానికోసం పొట్టు తీసే మిషన్ తయారు చేశాడు, దానికి 1996లో రోలెక్స్ అవార్డు వచ్చింది. ఆ రోలు, ఆ రోకలి, ఎదురెదురుగా నిలబడ్డ ఆ ఇద్దరు ఆడవాళ్ల ఫొటో అమ్మకు చూపించాను. చాలాసేపు చూసింది. "వీళ్లకూ ఇదే బాధనా" అంది.

ఆగస్టు 26

ఇరవై మూడు రోజులుగా చినుకు లేదు. ఈ రోజు అన్ని చేలూ తిరిగి వచ్చాను. మధ్యాహ్నం కొర్ర ఆకులు చుట్ట చుట్టుకుని సూదుల్లా ఉన్నాయి, మా చిన్నాన్న చేను చూసి గుండె జారింది, సాయంత్రం ఆరుకు అదే దారిలో వస్తుంటే ఆకులు మళ్లీ విచ్చుకుని ఉన్నాయి. పక్కన వేరుశనగ మాత్రం సాయంత్రానికీ తేరుకోలేదు, ఊడలు దిగే సమయంలో ఈ ఎండ, ఇంక కాయ ఏం ఊరుతుంది. అది కూడా మా వాళ్ల చేనే. సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు.

సెప్టెంబర్ 7

మిషన్ వెతకడం మొదలుపెట్టి రెండు నెలలైంది. తెలుసుకున్నవి రాస్తాను, ఎవరికైనా పనికొస్తాయి.

వడ్లు ఆడించే మిల్లులో రబ్బరు రోలర్ల మధ్య కొర్ర జారిపోతుంది, టౌన్లో ఒక మిల్లాయన ఊరికే ప్రయత్నించి చూశాడు, పోసింది పోసినట్టే బయటికి వచ్చింది. సానరాయితో రుద్దే రకం మిషన్లు ఉన్నాయి, అవి గింజను అరగదీసి తెల్లగా చేస్తాయి, చూడటానికి బాగుంటుంది కానీ పైపొర తవుడంతా పోతుంది, బలం ఉండేది ఆ పొరలోనే. మూడో రకం మాకు సరిపోయేది. మధ్యలో ఒక చక్రం వేగంగా తిరుగుతూ గింజను విసిరి చుట్టూ ఉన్న రింగుకు కొడుతుంది, ఆ దెబ్బకు పొట్టు పగిలి ఊడుతుంది, కింద ఫ్యాన్ ఆ పొట్టును ఊదేస్తుంది. గింజ అరిగిపోదు, తవుడు మిగులుతుంది.

చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ వాళ్లు రైతుల సహకార సంఘం పెట్టించి ఎన్నో ఏళ్లుగా చిరుధాన్యాలు కొని శుద్ధి చేసి అమ్ముతున్నారు, మన జిల్లా వైపు ఈ పని సాగుతుందని నమ్మకం కలిగింది వాళ్లను చూసే. కాకపోతే మాకు కావాల్సింది అంత పెద్దది కాదు, ఒక గదిలో పట్టేది.

డబ్బుల సంగతి. చిన్న ఆహార పరిశ్రమలకు 2020లో పెట్టిన కేంద్ర పథకం ఉంది, బ్యాంకు లోనుతో పెట్టే యూనిట్ ఖర్చులో 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా పది లక్షలు. మంచి పథకమే. కాగితాలు పట్టుకుని ఒక బ్యాంకుకు నాలుగుసార్లు పోయాం, అమ్మా వాళ్లు నాలుగుసార్లూ ఆ రోజు కూలి పోగొట్టుకున్నారు. గది ఎవరి పేరు మీద ఉంది, బాడుగ ఒప్పందం రిజిస్టర్ అయిందా, పోయిన మూడేళ్ల లెక్కలేవి అని ఒక్కోసారి ఒక్కోటి అడిగారు. ఇంకా మొదలే కాని పనికి మూడేళ్ల లెక్కలు ఎక్కడి నుంచి తెస్తాం? అన్నీ ఒకేసారి ఒక కాగితం మీద రాసి ఇచ్చుంటే మూడు రోజుల కూలి మిగిలేది. నాకు కోపం వచ్చింది, ఇంకా తగ్గలేదు.

చివరికి పన్నెండు ఇళ్లు తలా నాలుగు వేలు వేసి నలభై ఎనిమిది వేలకు పాత మిషన్ ఒకటి కొన్నాం. నేను ఒప్పుకునే ముందు విప్పి చూశాను, షాఫ్టు నిటారుగా ఉంది, బేరింగులు పోయాయి, లోపలి రింగు ఒకచోట పగిలింది. బాగుచేయగలను అనుకునే తెచ్చాను.

అక్టోబర్ 4

ఎనిమిది చేల కోత, నూర్పిడి అయిపోయాయి. ఎకరానికి సగటున నాలుగు క్వింటాళ్ల ఎనభై కిలోలు. ఎక్కువ వచ్చింది అమ్మ చేను, ఆరు క్వింటాళ్లు. ఒక చేను మాత్రం డెబ్బై కిలోలతో ఆగింది. ఆ ఇంటాయన గింజ పాలు పోసుకునే సమయంలో బెంగళూరుకు పనికి పోయాడు, ఆమెకు చంటిబిడ్డ, పిట్టలు తోలడానికి మనిషి లేక కంకులు ఖాళీ చేసేశాయి. కొర్ర చేను పొద్దునా సాయంత్రం పిట్టల కాపలా లేకపోతే దక్కదు. వచ్చే ఏడు పన్నెండు చేలూ ఒకే దిక్కున పక్కపక్కన ఉండేట్టు చూసుకుని వంతులవారీగా కాపలా కాయాలని అందరం అనుకున్నాం. ఈసారికి మిగతా పదకొండు ఇళ్లు ఆమెకు తలా పది కిలోలు ఇస్తున్నాయి. ఎవరూ అడగకముందే మా చిన్నమ్మ మొదట తెచ్చి పోసింది.

అక్టోబర్ 19

మిషన్ తిరిగింది! సంఘం గదిలో, ఇంటి కరెంటు మీద, రెండు హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారుతో. సాయంత్రం ఏడు దాటాక మా ఊర్లో వోల్టేజ్ 170కి పడిపోతుంది, మొదటి రోజే కెపాసిటర్ పోయింది. ఇంక పగలు పదకొండు నుంచి నాలుగు మధ్యనే నడపాలని నిర్ణయం.

బియ్యం మాత్రం బాగా రాలేదు. పది కిలోలు పోస్తే నాలుగు కిలోల తొమ్మిది వందలు బియ్యం, కిలోన్నర పైగా నూకలు, మిగతా దాంట్లో పొట్టు ఊడని గింజలు కలిసిపోయి ఉన్నాయి. చూడటానికి వచ్చిన ఆడవాళ్లు ఏమీ అనకుండా వెళ్లిపోయారు. ఆ మౌనం చాలా టెన్షన్ పెట్టింది, నలభై ఎనిమిది వేలు వాళ్లవి.

అక్టోబర్ 20 నుంచి నవంబర్ 2 దాకా

రోజూ రాత్రి రాయలేదు, ఒకేసారి రాస్తున్నాను.

మొదటి తప్పు వేగం. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది. మోటారుకు ఎనిమిది అంగుళాల పుల్లీ, మిషన్‌కు మూడు అంగుళాలది వేశాను కాబట్టి చక్రం 3840 చుట్లు తిరుగుతోంది, ఆ దెబ్బకు గింజే పగిలిపోతోంది. ఆరంగుళాల పుల్లీకి మారిస్తే 2880, అప్పుడు నూకలు తగ్గాయి కానీ మూడో వంతు గింజలకు పొట్టు ఊడలేదు. ఏడంగుళాలకు, అంటే 3360కి వచ్చాక కుదిరింది. వేగం మార్చే ఎలక్ట్రానిక్ డ్రైవ్ పెట్టొచ్చు, కానీ అది పాడైతే ఊర్లో బాగుచేసేవాళ్లు ఉండరు, పుల్లీ అయితే మూడు బోల్టులు విప్పి ఎవరైనా మార్చుకోవచ్చు. నేను లేని రోజు కూడా మర నడవాలి.

రెండోది తడి. కొర్రలు ఆరినట్టే కనిపించాయి, ఆరలేదు. తేమ చూసే మీటర్ మా దగ్గర లేదు. ఒక చిట్కా చదివాను, బాగా పనిచేసింది: పొడి గాజు సీసాలో మూడో వంతు గింజలు పోసి, బాగా ఎండబెట్టిన ఉప్పు రెండు మూడు చెంచాలు వేసి, మూత పెట్టి నిమిషం ఊపి పావుగంట అట్లా వదిలేయాలి. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే గింజలో తేమ 15 శాతం పైన ఉన్నట్టు. మా సీసాకు తెల్లగా పూత పూసినట్టు అంటుకుంది. ఉప్పు అంటుకోకుండా పోయాక కూడా ఇంకో రెండు ఎండలు వేశాం, పంటి కింద పెడితే గింజ చప్పుడు చేస్తూ విరగాలని పెద్దమ్మ చెప్పిన గుర్తు. ఉప్పు సీసా, పెద్దమ్మ పన్ను రెండూ ఒప్పుకున్నాకే మరలో పోస్తున్నాం.

మూడోది సైజు. లావు గింజ, సన్న గింజ కలిపి పోస్తే లావుది పగులుతుంది, సన్నది ఊడదు. రెండు జల్లెడలతో ముందే విడదీశాం.

నవంబర్ 2 లెక్క: పది కిలోలకు ఆరు కిలోల నాలుగు వందలు బియ్యం, ఆరు వందల గ్రాముల నూకలు, మళ్లీ పోయాల్సిన గింజలు అరకిలో, మిగతాది పొట్టు, దుమ్ము. తొమ్మిది నిమిషాలు. ఈసారి ఆడవాళ్లు వెళ్లలేదు. ఒక్కొక్కరు దోసిట్లోకి తీసుకుని, పక్కకు ఊది, మళ్లీ చూశారు. పెద్దమ్మ రెండు గింజలు నోట్లో వేసుకుని, "మా అత్త దంచితే ఇట్లా ఉండేటివి" అంది. ఆ మాట కోసం నాలుగు నెలలు తిరిగాను.

నవంబర్ 12

పళ్ల కింద రాళ్లు. రెండు ఇళ్ల నుంచి ఒకే మాట వచ్చింది, అన్నం బాగుంది కానీ ముద్దకు ఒక మట్టిబెడ్డ తగులుతోంది అని. మా అబ్బ అయితే కంచం పక్కకు జరిపేశాడు.

మట్టిబెడ్డ కూడా కొర్రంతే ఉంటుంది, జల్లెడలో పోదు, ఫ్యాన్‌కు లేవదు. రాళ్లు తీసే మిషన్ అడిగితే మా మర కంటే ఎక్కువ ధర. రెండు రోజులు దాని గురించే ఆలోచిస్తుంటే అమ్మ అడిగింది, గుట్ట కింద నాలుగు చేల కొర్రల్లో రాళ్లు ఎందుకు లేవు అని. పోయి మూటలు విప్పి చూశాను, నిజంగానే లేవు. ఆ నాలుగు చేలు ఆలస్యంగా విత్తారు కాబట్టి ఆలస్యంగా కోశారు, అప్పటికి మబ్బు పట్టిందని భయపడి కంకులు టార్పాలిన్ మీద వేసి అక్కడే నూర్చారు. ముందు కోసిన ఎనిమిది ఇళ్లవాళ్లు మట్టి కళ్లంలో నూర్చారు. రాయి కళ్లంలోనే కలిసిపోతోంది, దాన్ని మర దగ్గర తీయాలని నేను కుస్తీ పడుతున్నాను.

వచ్చే ఏడుకు పెద్ద టార్పాలిన్లు మూడు. ఉన్న ఎనిమిది ఇళ్ల కొర్రలకు వేరే దారి లేదు, వండే ముందు నీళ్లలో గాలించుకోవడమే.

డిసెంబర్ 6

ఈ రోజు సంఘంలో గట్టిగా మాటలు పడ్డాయి. రాయాలా వద్దా అనుకున్నాను, రాస్తాను.

జూన్‌లోనే ఒక మాట అనుకున్నాం, ప్రతి ఇల్లూ ముందు తినడానికి రెండు క్వింటాళ్లు పక్కన పెట్టాలి, మిగతాదే అమ్మాలి అని. జొన్న, సజ్జ, రాగులకు కేంద్రం మద్దతు ధర ప్రకటిస్తుంది, కొర్రలకు అది లేదు, వచ్చిన వ్యాపారి చెప్పిందే ధర. ఈసారి పొట్టుతో క్వింటాలు 2,800 అన్నాడు. అవే కొర్రలు బియ్యమై అనంతపురంలో అంగట్లో కిలో 110కి ఉన్నాయి. క్వింటాలుకు అరవై నాలుగు కిలోల బియ్యం అనుకుంటే ఏడు వేలు. ఈ తేడా అందరికీ అర్థమైంది. అయినా ఒక వదిన తన నాలుగున్నర క్వింటాళ్లూ మొన్న రాత్రి వ్యాపారికి పోసేసింది, తినడానికి కూడా ఉంచుకోలేదు. మాట తప్పిందని ఇద్దరు గట్టిగా అన్నారు. ఆమె అంతా విని, "వడ్డీ ఆయన వాకిట్లో కూర్చుంటే కొర్రలు చూపించేదా?" అంది. ఎవరూ మాట్లాడలేదు.

ఆమె తప్పు ఏముంది? మర పెట్టాం కానీ ఆమెకు మూడు నెలలు ఆగే శక్తి ఇవ్వలేదు. పంట చేతికి వచ్చిన రోజే అమ్ముకోవాల్సి రావడమే కదా చిన్న రైతును తినేస్తున్నది. జహీరాబాద్ వైపు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు 1990ల్లోనే ఊరి జొన్నలు ఊర్లోనే నిల్వ చేసి బీద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చే పద్ధతి నడిపారు, బయటి బియ్యం కోసం చూడకుండా. ఆ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ ప్రైజ్ కూడా వచ్చింది. అది చెప్పాను. గంటసేపు మాట్లాడుకున్నాక ఒక ఒప్పందానికి వచ్చాం: ఇంటికి ఇరవై కిలోల చొప్పున ఒక గాదె. అవసరం ఉన్న ఇల్లు తీసుకుంటుంది, పంటకు తిరిగి పోస్తుంది, కిలోకు కిలోనే, పైన ఏమీ లేదు. మొదట ఆ వదినకే అరవై కిలోలు. మరలో వచ్చే కూలి, కిలోకు ఐదు రూపాయలు, కరెంటు బిల్లు పోను మిగిలింది ఒక డబ్బాలో వేస్తాం, వచ్చే నవంబర్‌లో వడ్డీ కోసం అమ్ముకునే పరిస్థితి వస్తే దాంట్లోంచి ఇస్తాం. ఆ డబ్బు సరిపోదు, నాకు తెలుసు. అయినా మొదలుపెట్టాలి.

జనవరి 11

చేదు వాసన. నవంబర్ చివర్లో ఆడించిన ఇరవై కిలోల బియ్యం డబ్బాలో ఉన్నాయి, మూత తీస్తే ముక్కిన వాసన. తవుడు పొరలో నూనె ఉంటుంది, పొట్టు ఉన్నంతకాలం అది భద్రం, పొట్టు పోయాక గాలి తగిలి పాడవుతుంది. పొట్టుతో ఉన్న కొర్రలు మాత్రం ఏళ్లు గడిచినా చెడవు, మా జేజి వాళ్లు కరువు కోసం పాతరలో దాచేవాళ్లని అమ్మ చెప్పేది. కాబట్టి గాదెలో ఎప్పుడూ పొట్టుతోనే ఉంచాలి, వారానికి సరిపడా మాత్రమే ఆడించాలి. బుధవారం మర రోజు అని పెట్టుకున్నాం. పాడైన బియ్యం కోళ్లకు వేశాం. ఇరవై కిలోలు అట్లా పోవడం చూసి అమ్మ ఆ పూట సరిగ్గా తినలేదు.

జనవరి 18

పండగకు కొర్రలతో పొంగలి చేసుకున్నాం, ఏడెనిమిది ఇళ్లలో. మామూలు రోజుల్లో వండే పద్ధతి ఇప్పటికి కుదురుకుంది: గ్లాసు బియ్యానికి రెండున్నర గ్లాసుల నీళ్లు, ముందు అరగంట నానాలి, పొంగు వచ్చాక సన్న సెగ, దించాక పది నిమిషాలు మూత తీయకూడదు. మూత తీస్తే పైన విడివిడిగా, లేత పసుపులో, మొక్కజొన్న కంకి కాల్చినప్పటి వాసన దగ్గర వాసన వస్తుంది. ఊరుబిండితో తింటే ఇంకేమీ అక్కర్లేదు. పిల్లలు ఉన్న ఇళ్లలో సగం రేషన్ బియ్యం కలిపి వండుతున్నారు, అది కూడా మంచిదే, ఒకేసారి మార్చాలని ఎవరినీ బలవంతం చేయడం లేదు. మా అన్న కూతురికి ఐదేళ్లు, మొదట్లో పసుపు అన్నం వద్దని ఏడ్చేది, ఇప్పుడు బుధవారం మర దగ్గరికి గిన్నె పట్టుకుని వస్తుంది, వేడిగా రాలే బియ్యంలో చేయి పెట్టడానికి.

అంగన్‌వాడీలో వారానికి ఒక రోజు కొర్రల కిచిడీ పెట్టమని అడిగాం. పైనుంచి సరుకు వచ్చేదే వండాలట. మేమే ఊరికే ఇస్తామన్నాం, అడిగి చెబుతానంది టీచరమ్మ. మళ్లీ అడగాలి.

ఫిబ్రవరి 5

నిన్నటి బుధవారం లెక్క: పందొమ్మిది ఇళ్లు, రెండు క్వింటాళ్ల పది కిలోలు. పన్నెండు ఇళ్లతో మొదలుపెట్టింది పందొమ్మిది అయింది. మర నడిపింది మా చిన్నమ్మ, ఇద్దరు వదినలు, నేను షాపులోనే ఉన్నాను. మధ్యాహ్నం ఒకసారి ఫోన్ వచ్చింది, బెల్టు జారిందని. నేను చెప్పేలోపే వాళ్లే బిగించుకుని పెట్టేశారు.

పక్క ఊరి సంఘం వాళ్లు ఆటోలో ఐదు మూటలు తెచ్చారు, వచ్చే వారం ఇంకో తొమ్మిది తెస్తారట, వాళ్ల దగ్గర అరికెలు కూడా ఉన్నాయి. అరిక పొట్టు కొర్ర పొట్టు లాంటిది కాదు, పొర మీద పొర ఉంటుంది, మా మరలో ఒక్కసారికి ఊడదు. రెండుసార్లు పోసి, వేగం ఒక మెట్టు పెంచి ఆదివారం ఐదు కిలోలతో చూడాలి. ఎడమ వైపు బేరింగు మళ్లీ శబ్దం చేస్తోంది, అది ముందు మార్చాలి. ఎనిమిది అంగుళాల పుల్లీ షాపులో పైఅరలో పెట్టాను, రేపు తెచ్చుకోవాలి.